ఒకే కంట్రోల్ గ్రూపు, రెండు ఆడ్స్ రేషియోలు: కోవేరియన్స్ ఎక్కడ తేడా కొడుతుంది?

మెటా అనాలిసిస్‌లో (చాలా ట్రయళ్ల ఫలితాలను కలిపి లెక్కించేటప్పుడు) ఒకే ట్రయల్ నుంచి రెండు ఎఫెక్ట్ సైజులు (మందు ప్రభావం ఎంతో చెప్పే అంకెలు) తీసుకుంటే వాటి మధ్య కోవేరియన్స్ (రెండూ కలిసి ఎంత మారతాయో చెప్పే కొలత) ఎంత వేయాలి? చాలామంది సహసంబంధం 0.5 అనుకుని ముందుకెళ్లిపోతారు. అవును-కాదు ఫలితాల్లో ఊహ అవసరమయ్యే సందర్భాలు నిజానికి తక్కువ. రెండు లెక్కల్లోనూ ఉన్న మనుషులెవరో చూస్తే చాలావరకు అంకె దానంతటదే వస్తుంది.

సమస్య: కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ మరీ ఇరుకుగా వస్తోంది

కారణం: మూడు గ్రూపుల (ఒక కంట్రోల్, రెండు మందులు) ట్రయల్‌ను రెండు వరుసలుగా రాసి, విడివిడి ట్రయళ్లన్నట్టు కలిపేశారు. కంట్రోల్‌లోని వాళ్లు రెండుసార్లు లెక్కకొచ్చారు.

పరిష్కారం: ఒక ఉదాహరణ వేసుకుందాం. ప్రతి గ్రూపులో 100 మంది. ఘటనలు కంట్రోల్‌లో 20, మొదటి మందులో 12, రెండో మందులో 15. ఆడ్స్ అంటే ఘటన జరిగినవాళ్లకూ జరగనివాళ్లకూ నిష్పత్తి; మందు ఆడ్స్‌ను కంట్రోల్ ఆడ్స్‌తో భాగించి లాగరిథమ్ తీస్తే లాగ్ ఆడ్స్ రేషియో. వీటి వేరియన్స్‌లు (అంకె ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పేవి) 0.157, 0.141. రెండింటికీ ఉమ్మడి భాగం కంట్రోల్‌దే: 1/20 + 1/80 = 0.0625. కోవేరియన్స్ అదే. సహసంబంధం 0.42 అవుతుంది, 0.5 కాదు. రెండు ఎఫెక్టుల మామూలు సగటు తీస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.273 నుంచి 0.325కి పెరుగుతుంది.

సరిచూసుకోవడం తేలిక. రెండు వేరియన్స్‌ల మొత్తంలోంచి కోవేరియన్స్‌కు రెట్టింపు తీసేస్తే, రెండు మందులను నేరుగా పోల్చినప్పటి వేరియన్స్ (0.173) రావాలి. రాకపోతే ముందు గుర్తు చూడండి. రేషియోలో ఒక వరుసకు మందు పైభాగంలో, ఇంకో వరుసకు కంట్రోల్ పైభాగంలో ఉంటే కోవేరియన్స్ మైనస్ అవుతుంది.

సమస్య: వేరియన్స్-కోవేరియన్స్ మాట్రిక్స్ పాజిటివ్ డెఫినిట్ కాదని (ఆ అంకెలు కలిసి సాధ్యం కావని) మెటాఫర్ (R లోని మెటా అనాలిసిస్ ప్యాకేజీ) హెచ్చరిస్తోంది

కారణం: తరచుగా కొలమానాల కలగాపులగమే. వేరియన్స్‌లు లాగ్ రిస్క్ రేషియోవి (రెండు గ్రూపుల్లో ఘటన జరిగినవాళ్ల శాతాల నిష్పత్తికి లాగరిథమ్), కోవేరియన్స్ మాత్రం ఆడ్స్ రేషియో సూత్రంతో వేసినది. ఘటనలు ఎక్కువగా ఉన్న ట్రయళ్లలో ఇది వెంటనే బయటపడుతుంది. కంట్రోల్‌లో 100కి 80, మందులో 90 అయితే లాగ్ రిస్క్ రేషియో వేరియన్స్ 0.0036, పొరపాటున పెట్టిన కోవేరియన్స్ 0.0625!

పరిష్కారం: రిస్క్ రేషియోకి 1/80 − 1/100 = 0.0025 వేయాలి. రిస్క్ డిఫరెన్స్‌కైతే (ఆ శాతాల తేడాకు) కంట్రోల్ నిష్పత్తి వేరియన్స్: 0.8 × 0.2 / 100.

సమస్య: కోవేరియన్స్ అనంతం

కంట్రోల్‌లో ఘటనలు సున్నా. జరిగిన, జరగని సంఖ్యలకు 0.5 కలపండి, అయితే ఆ ట్రయల్‌లోని అన్ని గ్రూపులకూ కలపండి. మెటాఫర్ మామూలుగా సున్నా ఉన్న పట్టికకే కలుపుతుంది. మొదటి మందులో మాత్రమే సున్నా ఉంటే, అదే కంట్రోల్ ఒక వరుసలో ఒకలా, ఇంకో వరుసలో ఇంకోలా మిగులుతుంది.

సమస్య: ఒకే రోగుల్లో రెండు ఫలితాలు, సహసంబంధం ఏ పేపర్లోనూ లేదు

అసలు చిక్కు ఇక్కడే. ప్రతి గ్రూపులో రెండు ఫలితాలూ కలిగినవాళ్లెందరో తెలియాలి, పేపర్లు విడివిడి మొత్తాలే ఇస్తాయి. అయినా రెండు రకాల జంటలకు ఊహ అక్కర్లేదు. ఒకటి జరిగితే రెండోది జరగని జంట అయితే ఉమ్మడి సంఖ్య సున్నా, కోవేరియన్స్ మైనస్. ఒకటి రెండోదాని లోపలిదే అయితే (మరణం, "మరణం లేదా గుండెపోటు") ఉమ్మడి సంఖ్య చిన్నదాని సంఖ్యే.

మిగతావాటికి లాగ్ ఆడ్స్ రేషియో సూత్రం ఇది: ఉమ్మడి నిష్పత్తిలోంచి రెండు నిష్పత్తుల లబ్ధం తీసేయండి, దాన్ని రెండు ఫలితాల "జరిగిన × జరగని" నిష్పత్తులతోనూ, గ్రూపు సంఖ్యతోనూ భాగించండి, రెండు గ్రూపులకూ వేసి కూడండి. 100 మందిలో ఒక ఫలితం 20 మందికి, మరొకటి ఐదుగురికి, రెండూ నలుగురికి అనుకుంటే ఆ గ్రూపు వాటా 0.03 / 0.76 = 0.039.

ఆ నలుగురి సంగతి తెలియకపోతే? ఉమ్మడి సంఖ్య 0 నుంచి 5 లోపే ఉండాలి, వాటా −0.013, 0.053 మధ్య తిరుగుతుంది. ఈ గ్రూపులో రోగి స్థాయి సహసంబంధం 0.46 దాటదు, కాబట్టి 0.8 అనుకోవడం అసాధ్యమైన పట్టికను ఊహించడమే. రెండు చివరలతోనూ మోడల్ నడిపి, వచ్చిన రెండు సమాధానాలూ రిపోర్టులో ఇవ్వండి. ఆపైన 2010లో హెడ్జెస్, టిప్టన్, జాన్సన్ ప్రతిపాదించిన రోబస్ట్ వేరియన్స్ (కోవేరియన్స్ ఊహ తప్పినా స్టాండర్డ్ ఎర్రర్‌ను కాపాడే పద్ధతి) వాడొచ్చు. ట్రయళ్లు తక్కువైతే చిన్న నమూనా సవరణ లేకుండా దాన్ని నమ్మకండి.