కుక్కని వీధిలో ట్రైనింగ్‌కి తీసుకెళ్లే ముందు జాగ్రత్తలు

ఉడత కనబడితే చాలు, మీ పిలుపు వినదా? దాన్ని మొండితనం అనుకోకండి, పాపం. వాసనలు, చప్పుళ్లు దానికి మనకంటే చాలా ఎక్కువగా తెలుస్తాయి. గడప దాటేముందు ఇవి చూసుకోండి.

– టీవీ ఆపేసిన గదిలో పేరు పిలిస్తే పదిసార్లలో ఎనిమిదిసార్లయినా మీ కళ్లలోకి చూస్తోందా? లేదంటే వీధి ఇంకా తొందరే.

– ఒంటికి, రెంటికి తిప్పారా?

– ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు జేబులో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

– మెడకు బిగిసే గొలుసు వద్దు. ఛాతీకి వేసే హార్నెస్, రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి.

– రేబిస్ టీకా గడువు దాటలేదు కదా?

– ఎండాకాలంలో చేతి వెనకవైపు రోడ్డుకి 7 సెకన్లు ఆనించండి. చురుక్కుమంటే సాయంత్రం దాకా ఆగండి.

– వీధికుక్కల గుంపుండే సందు మొదటిరోజే వద్దు. దూరం నుంచి చూపించండి. అటు చూసి, తిరిగి మీ వైపు చూసిన క్షణంలోనే ముక్క నోటికి అందాలి.

– 5 నిమిషాలు చాలు. మధ్యలో ఊరికే ఆవులిస్తూ, మూతి నాక్కుంటుంటే నిద్ర అనుకుంటాం కానీ, చాలాసార్లు అది టెన్షన్. అరవకుండా ఇంటికి తీసుకొచ్చేయండి.