సిగ్నల్ లేని బడికి పాఠం పంపాలంటే

ఒడిశాలోని మా గజపతి జిల్లాలో టీచర్లకు వాట్సాప్ గ్రూపుల కొరత లేదు. పొద్దున్నే పువ్వులతో శుభోదయాలు, ఆ తర్వాత సర్క్యులర్లు, ఎవరిదో రిటైర్మెంట్ సన్మానం ఫొటోలు. వాటి మధ్య ఎక్కడో ఎవరో కష్టపడి తయారుచేసిన వర్క్‌షీటు. నెల తర్వాత ఆ పాఠం చెప్పాల్సి వచ్చి వెతికితే అది మాత్రం దొరకదు. పంచుకోవడం అంటే పంపడం ఒక్కటే కాదు, కావలసినప్పుడు అవతలివాళ్లకి దొరకాలి, తీసుకెళ్లి అదే రోజు క్లాసులో వాడగలగాలి.

నాది పర్లాకిమిడి. కొండ మీది హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, పాఠం ఒడియా, పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది సవర. ల్యాబ్ అంటే ఒక బీరువా. మీదీ ఇలాంటి బడే అయితే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు మనుషుల్ని తక్కువగా పెట్టుకోండి. అవే క్లాసులు చెప్పే ఏడెనిమిది మంది చాలు. కబుర్లకు ఒక గ్రూపు, ఫైళ్లకు ఇంకొకటి. ఫైళ్ల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చి, అందర్నీ అడ్మిన్లను చేసేయండి. వినడానికి అర్థం లేని పనిలా ఉంటుంది కానీ, కొత్తగా చేరినవాళ్లు అలవాటు కొద్దీ పువ్వుల బొమ్మ పెట్టకుండా ఆగుతారు. ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచి, గ్రూపులో లింకు ఇవ్వండి. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మీ మెయిలూ ఫొటోలూ ఉంటాయి కాబట్టి వీడియోలు కుక్కకండి. ఫైలు పేరులో తరగతి, సబ్జెక్టు, పాఠం, భాష ఉండాలి. 'కొత్తది ఫైనల్ 2' అని పేరు పెట్టిన మాస్టారికి ఆ రోజు టీ ఖర్చు.

ఇక ఫాంట్ల గొడవ. మనవాళ్లు చాలామంది ఇప్పటికీ తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గీతలే. పీడీఎఫ్ చేసి పంపితే ఎక్కడైనా తెరుచుకుంటుంది. దాంతోపాటు ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టిన అసలు ఫైలు కూడా ఉంచండి, ఇంకొకరు ప్రశ్నలు మార్చుకోవచ్చు. ఫొటో తీసిన పేజీలు పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫొటోగా వెళ్తే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, భిన్నంలో హారం కనిపించదు.

బొమ్మల విషయంలో మాకు బాగా కలిసొచ్చింది ఒకటుంది. గుండె బొమ్మ గీస్తే భాగాల పేర్లు దాని మీద రాయకండి, అంకెలు వేయండి. పేర్ల జాబితా వేరే కాగితం మీద ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, సవర తెలిసిన టీచరుంటే నోటితో చెప్పడానికి అందులో ఒకటి. ఒక్క బొమ్మ అన్ని బడులకూ సరిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో ఉండే సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు. మనం కనీసం బొమ్మకింద చోటు వదలొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, క్లాసులో చేసి చూడనిది పెట్టకండి. ప్రతి ఫైలుకూ పైన నాలుగు వాక్యాలు రాయండి: ఏం కావాలి, ఎంతసేపు పట్టింది, పిల్లలు ఎక్కడ ఆగారు, ఏం మార్చాలి. ఉదాహరణకు సున్నపు తేట ప్రయోగం మీద మా కాగితం ఇలా ఉంటుంది. కిళ్లీ కొట్టు సున్నం ఒక చెంచా, సీసాడు నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున పైతేట మాత్రం వంచి, గుడ్డలో వడగట్టి, మూత బిగించాలి. మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడుకే పైన తెల్లటి పొర కడుతుంది. స్ట్రాతో మెల్లగా ఊదాలి, పీల్చకూడదు, కళ్లలో చిందకూడదు. పాలలా తెల్లబడుతుంది. అక్కడితో ఆపకుండా ఇంకా ఊదితే మళ్లీ తేటపడుతుంది. పిల్లలు ప్రయోగం చెడిపోయిందని కంగారు పడతారు. కార్బనేటు బైకార్బనేటుగా మారడం చెప్పాల్సింది సరిగ్గా అప్పుడే. ఈ చివరి రెండు మాటలు ఏ యూట్యూబ్ వీడియోలో వెతుక్కుంటారు చెప్పండి? అందులో బీకరు ఉంటుంది, మన దగ్గర కిళ్లీ కొట్టు ఉంటుంది.

సరుకు ఎక్కడ దొరుకుతుందంటే, 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠాలు దించుకుని నెట్ లేకుండా చూడొచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన, తెర మీదే ప్రయోగం చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్లు నాకు ఎక్కువ ఇష్టం. ఒక్కో ఫైలూ చిన్నది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బ్రౌజర్లో తెరిస్తే నడుస్తుంది, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. జ్యామితి బొమ్మలు తెర మీద గీసి కదిలించడానికి జియోజెబ్రా యాప్. చెత్తలోంచి చేసే బొమ్మలకు అరవింద్ గుప్తా సైటు. అవతల పాతపట్నంలో బంధువులుంటే ఆంధ్రా పాఠ్యపుస్తకాలు కూడా తెప్పించుకోండి, తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. కాకపోతే సిలబస్ మనదీ వాళ్లదీ పాఠానికి పాఠం కలవదు, అంశం పేరుతో వెతకాలి.

గుమ్మ, సెరంగో వైపు కొండ బడులకు లింకులు పంపి లాభం లేదు. ఫోనుకు నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని, మీటింగుకు వచ్చినప్పుడు వాళ్ల ఫోన్లోకి ఎక్కించండి. టెన్షన్ లేని పని, పది నిమిషాల్లో అయిపోతుంది. వాళ్ల దగ్గరున్నవి తిరిగి దించుకోవడం మరిచిపోవద్దు. కొండ మీది టీచర్ల దగ్గర చేసి చూసిన ప్రయోగాలు ఎక్కువ, పంపే దారి తక్కువ.

అమ్మే గైడ్లు స్కాన్ చేసి పెట్టకండి. పిల్లల ముఖాలు, మార్కుల జాబితాలు ఫోల్డర్‌లోకి రానివ్వకండి. ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నారో పేరు రాయండి.

ఫోల్డర్ ఎవరి జీమెయిల్లో ఉందో వాళ్లకు బదిలీ అయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా మొత్తం చేజారిపోవచ్చు. అందుకే వేసవి సెలవుల్లో ఇద్దరి దగ్గర పూర్తి కాపీ తీయించండి. ఆ ఇద్దరిలో ఒకరు పక్క బ్లాకు వాళ్లయితే మరీ మంచిది.