నాలుగు తీగల సిగార్ బాక్స్ గిటార్‌కి ఏ శ్రుతి, ఏ తీగలు?

చుట్టల పెట్టెతో ఇంట్లో చేసుకునే ఈ గిటార్‌కి పెట్టె, మెడకర్ర, బ్రిడ్జి (పెట్టె మీద తీగలు ఆనే కమ్మీ) కుదిరాక చాలామంది గిటార్ తీగల సెట్టు కొని, చేతికొచ్చిన నాలుగు తీసి బిగించేస్తారు. అప్పుడు ఒక తీగ వదులుగా ఉండి మెట్ల మీద గరగరలాడుతుంది, ఇంకొకటి శ్రుతికి చేరకముందే తెగుతుంది. ముందు శ్రుతి తేల్చుకోండి. ఆ తర్వాత అందులోని ఒక్కో స్వరానికి సెట్టులో ఏ తీగ దగ్గరో చూడండి. కింది లెక్కలు నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జికి 25 అంగుళాలున్న వాద్యానివి. మామూలు గిటార్ పొడవూ ఇంచుమించు అంతే కాబట్టి గిటార్ తీగలే సరిపోతాయి.

మొదటిసారి చేసేవాళ్లకి మేం చెప్పేది జి-డి-జి-బి (పాశ్చాత్య స్వరాల పేర్లు, లావు తీగ నుంచి సన్నదాని వైపు). జి షడ్జమం అనుకుంటే ఇది స-ప-స-గ, గాంధారం అంతరం. ఏ మెట్టూ నొక్కకుండా మీటితేనే మేజర్ కార్డ్ (అంతర గాంధారంతో కలిసి మోగే స్వరాల గుంపు) పలుకుతుంది. స్లైడ్‌ని (తీగల మీద జార్చే గాజు లేదా లోహపు గొట్టం) నాలుగు తీగల మీదా అడ్డంగా 5వ మెట్టు దగ్గర పెడితే సి కార్డ్, 7వ మెట్టు దగ్గర డి కార్డ్. మూడు కార్డుల బ్లూస్ పాటకి ఇంకేమీ అక్కర్లేదు. ఈ వాద్యం అమెరికాలో ఆ సంగీతంతో పెరిగిందే.

దీనికున్న చిక్కల్లా ఆ గాంధారమే. మోహన, కల్యాణి, శంకరాభరణం హాయిగా నడుస్తాయి. ఖరహరప్రియలోది సాధారణ గాంధారం కనుక, ఖాళీగా మోగే బి తీగ ప్రతిసారీ చెవికి గుచ్చుకుంటుంది. బి ని ఒక్క మెట్టు దించితే సరిపోతుంది. అంతకన్నా మంచి దారి జి-డి-జి-డి, అంటే స-ప-స-ప. గాంధారమే లేదు కాబట్టి మేజర్, మైనర్ రెండిటికీ ఒదుగుతుంది, తంబురా నాదం లాంటి నిండుదనం వస్తుంది. హిందోళంలో పంచమం ఉండదు, అందుకని రెండు డి తీగలనూ సి కి దించి స-మ-స-మ చేసుకోవాలి.

గిటార్ ఇప్పటికే వచ్చినవాళ్లు డి-జి-బి-ఇ పెట్టుకోవచ్చు. తెలిసిన కార్డులే, పై రెండు లావు తీగలు లేకుండా. స్లైడ్‌కి మాత్రం ఇది అంత బాగుండదు.

ఇక తీగలు. సన్నదాన్ని 1వ నంబరుగా లెక్కపెడితే, జి-డి-జి-బి కి అకూస్టిక్ సెట్టులోని 5, 4, 3, 2 తీగలు కావాలి. 5వది అసలు ఎ తీగ, దాన్ని రెండు మెట్లు దించితే జి. మిగతా మూడూ వాటి సొంత స్వరాల్లోనే ఉంటాయి. జి-డి-జి-డి కావాలంటే 2వ తీగ తీసేసి 1వది వేసి, ఇ నుంచి డి కి దించండి. 2వ తీగనే బి నుంచి డి కి లాగబోతారు కొందరు. తీగ బిగువు స్వరం పౌనఃపున్యానికి వర్గంగా పెరుగుతుంది: ఒక మెట్టుకి సుమారు 12 శాతం, మూడు మెట్లకి 41 శాతం. తీగ తెగకపోయినా ఆ భారం మెడ మీద పడుతుంది.

12 నంబరుతో (సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మొదలయ్యే లైట్ సెట్టు జి-డి-జి-బి లో మొత్తం 46 కిలోల దాకా లాగుతుంది. 10 నంబరుతో మొదలయ్యే ఎక్స్‌ట్రా లైట్ అయితే 40 కిలోలు. 19 మిల్లీమీటర్ల మందం మెత్తని చెక్కతో, లోపల ట్రస్ రాడ్ (మెడ వంగకుండా ఆపే ఉక్కు కడ్డీ) లేకుండా చేసిన మెడ ఆ పెద్ద బరువుకి కొన్ని నెలల్లో వంగి, మధ్యలో తీగలు పైకి లేచిపోతాయి. అలాంటి మెడకి 10 సెట్టే వేయండి. స్లైడ్ వాయించేవాళ్లకి 12 సెట్టు మేలు, సన్న తీగ స్లైడ్ బరువుకి కిందికి నొక్కుకుపోయి మెట్లకి తగులుతుంది. అందుకు టేకు లాంటి గట్టి కర్ర తీసుకోవాలి.

పొడవు 20 అంగుళాలే అయితే అదే తీగ, అదే స్వరంలో బిగువు 36 శాతం పడిపోతుంది. అప్పుడు లావు సెట్టు వేయండి, లేదా అన్నిటినీ రెండు మెట్లు పెంచి ఎ-ఇ-ఎ-సి షార్ప్ చేయండి.

3వ తీగ చుట్టు ఉన్నదే (పైన సన్న లోహపు తీగ చుట్టినదే) తీసుకోండి. ఎలక్ట్రిక్ సెట్టులో అది సాదా ఉక్కు తీగ; ఒక్కో తీగకీ విడిగా సరిచేయడానికి వీల్లేని బోల్టు బ్రిడ్జి (బ్రిడ్జిగా పెట్టిన బోల్టు) మీద నొక్కిన ప్రతి మెట్టు దగ్గరా స్వరం పైకి పోతుంది. పెట్టెలో అయస్కాంత పికప్ (తీగ కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేది) ఉంటే ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టు బలహీనంగా వినిపిస్తుంది, నికెల్ చుట్టు కావాలి. పెట్టె కంపనాన్ని పట్టే పీజో బిళ్లకి ఏదైనా ఒకటే.

బిగించేటప్పుడు తోక వైపు 2 మిల్లీమీటర్ల రంధ్రాలు చాలు, తీగ చివరి గుండు అక్కడ ఆగుతుంది. రంధ్రం దగ్గర లోహపు వాషర్ తప్పనిసరి, లేకపోతే గుండు చెక్కలోకి కోసుకుపోయి శ్రుతి రోజూ దిగుతుంది. 38 మిల్లీమీటర్ల మెడ మీద తీగల మధ్య 10, అంచుల దగ్గర 4 మిల్లీమీటర్లు వదలండి. శ్రుతి చేసే కీలు మీద ప్రతి తీగా రెండు మూడు చుట్లుండాలి. ఒక్క తీగనే పూర్తిగా బిగించొద్దు, నాలుగింటినీ కొద్దికొద్దిగా పైకి తీసుకురండి. బిగించేటప్పుడు టిక్‌మని శబ్దం వస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం, అక్కడ పెన్సిల్ ములుకు రుద్దండి.

బ్రిడ్జిని ఇప్పుడే అంటించకండి. 12వ మెట్టు మీద తీగని నొక్కకుండా వేలితో తాకి మీటి హార్మోనిక్ (అలా వచ్చే గంటలాంటి నాదం) వినండి, తర్వాత అదే మెట్టు నొక్కి మీటండి. నొక్కిన స్వరం ఎక్కువుంటే బ్రిడ్జిని తోక వైపు, తక్కువుంటే మెడ వైపు జరపండి. లావు తీగ వైపు సాధారణంగా 2–3 మిల్లీమీటర్లు వెనక్కి వాలుతుంది. ఆ వాలు చోటుని పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి, తీగలు మార్చినప్పుడల్లా బ్రిడ్జి కదులుతుంది.