బి.బి. కింగ్ పాట నేర్చుకుంటున్నారా? ముందు నోటితో పాడండి

అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్ట్ బి.బి. కింగ్ అంటే పిచ్చి అభిమానంతో గిటార్ పట్టినవాళ్లకు ఒక చిట్కా: ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో చూపే గిటార్ నొటేషన్) తెరవకముందే పాట పాడటం నేర్చుకోండి. ఆయన పాడుతూ వాయించేవారు కాదు. ఒక లైను పాడి ఆపితే, లూసిల్ (ఆయన గిటార్ పేరే అది) జవాబు చెప్పేది. బి మైనర్ స్కేల్‌లో ఉండే ఆయన పాట ‘ద థ్రిల్ ఈజ్ గాన్’లో ఇది బాగా తెలుస్తుంది. ఆ జవాబులను కూడా నోటితోనే పలకండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాల్సి వస్తుందో, వేళ్లనూ అక్కడే ఆపండి. వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) తొందరగా రాదు, టెన్షన్ పడొద్దు. చూపుడువేలు తీగ మీద నొక్కి, బొటనవేలిని నెక్ (గిటార్ మెడ) నుంచి వదిలేసి, మణికట్టుతో ఊపండి. కార్డ్స్ (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి వాయించడం) జోలికి ఆయనే పెద్దగా పోలేదు, మీరూ మొదట్లో వదిలేయొచ్చు.