జనవరిలో పిల్లల్ని బండి ఎక్కించే ముందు

జనవరి వచ్చిందంటే హైదరాబాద్‌లో పిల్లలున్న ఇళ్లకు తిరుగుడే తిరుగుడు. సంక్రాంతి సెలవులు, చుట్టాల ఇళ్లు, ఒకటో తారీఖు నుంచి నాంపల్లిలో నుమాయిష్, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్. కారు లేనివాళ్లమంతా బండే తీస్తాం, బుడ్డోణ్ని ముందు నిలబెట్టేసి బయల్దేరతాం.

ఆ ముందు నిలబెట్టడం మానేయండి. "కళ్ల ముందే ఉంటాడు కదా" అంటారు. ఉంటే ఏం లాభం, సడన్ బ్రేక్ పడితే వాడి మొహం వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, పైగా మీ బరువంతా వాడి మీదే పడుతుంది. ఇంకోటి, మీరు దిగి గేటు తీస్తుంటారు, బండి ఆన్‌లోనే ఉంటుంది, వాడు సరదాగా యాక్సిలరేటర్ తిప్పుతాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే చప్పుడే రాదు కాబట్టి ఆన్‌లో ఉన్న సంగతి మీకే గుర్తుండదు. ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు బండి ఆఫ్ చేసి ఉండాలి. ముందు బిగించే చిన్న సీట్లు కూడా అమ్ముతారు, వాటితో నిలబడేవాడు కూర్చుంటాడు తప్ప దెబ్బ తగిలే చోటు మారదు.

పైగా ఇది పతంగుల నెల. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. 2024 సంక్రాంతికి లంగర్‌హౌస్ దగ్గర ఫ్లైఓవర్ మీద బండిపై వెళ్తున్న ఆర్మీ జవాను ఒకరు మాంజా గొంతుకు కోసుకుని చనిపోయారు. అలాంటిది, ముందు నిలబడ్డ పిల్లాడికి అడ్డేముంటుంది? పండగ రోజుల్లో పిల్లలతో ఉంటే ఫ్లైఓవర్ ఎక్కకండి, కింద రోడ్డున సిగ్నళ్లు ఎన్ని ఉన్నా సరే. మెడకు మఫ్లర్ చుట్టి కొసలు స్వెటర్ లోపలికి దోపండి, వేలాడితే చక్రంలో పడుతుంది.

ఇద్దరి మధ్యలో ఇరికిస్తే? పక్కకు జారడు, నిజమే. కానీ కాళ్లు ఎక్కడా ఆనవు, వేలాడుతూ సైలెన్సర్‌కి తగులుతాయి, మొహం మీ వీపుకు ఒత్తుకుని ఊపిరాడక గింజుకుంటాడు. మధ్యలో ఉన్నాడు కదా అని హెల్మెట్ కూడా పెట్టరు, అదే నాకు అసలు నచ్చనిది.

నన్నడిగితే వెనక, బెల్టుతో. 2023 ఫిబ్రవరి 15 నుంచి రూల్ కూడా అదే: నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్ కూడా ఉండాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. హార్నెస్ అంటే పిల్లలకు కోటులా తొడిగి, పట్టీలు మన భుజాలకు స్కూల్ బ్యాగులా వేసుకునే బెల్టు. 30 కిలోల బరువు ఆపగలదా, వానకు తడిసినా పాడవదా చూసి కొనండి. చున్నీతో నడుముకు కట్టుకోవడం బెల్టు కిందికి రాదు, ముడి జారిపోతుంది. కొన్న రోజే రోడ్డెక్కకుండా ఇంటి ముందు ఆగి ఉన్న బండి మీద కూర్చోబెట్టి బిగించి చూడండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, బెల్టు వాణ్ని మీకు కడుతుంది, మీరు పడితే వాడూ మీతోపాటే పడతాడు. అందుకే ఆ 40 కూడా మన రోడ్లకు ఎక్కువే అంటాను.

తొమ్మిది నెలల లోపు పసివాళ్లను బండి మీద అసలు వద్దు, ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నా సరే. ఆ మెడ హెల్మెట్ బరువే మోయలేదు.

హెల్మెట్ పిల్లల సైజుదే కొనాలి, ఐఎస్ఐ మార్కు చూసి. చలికి మంకీ క్యాప్ వేసి దాని మీద హెల్మెట్ పెడతారు చూడండి, బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది గానీ ఉన్ని అణిగిపోయి తల కదిలితే జారుతుంది. క్యాప్ తీసేసి పెట్టండి, చలికి లోపల ఇంకో స్వెటర్ వేయండి. చెప్పులు కాదు, బూట్లు.

ఇక నుమాయిష్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అసలు టెన్షన్. జెయింట్ వీల్ ఎక్కి, మిర్చీ బజ్జీలు తిని, కోఠి దాటకముందే నిద్రపోతారు. నిద్రలో ఒళ్లు వదిలేస్తారు, తల ఓ పక్కకు వాలుతుంది, బెల్టున్నా మీ బ్యాలెన్స్ పోతుంది. బండి పక్కకు ఆపండి. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు పిల్లాడితో ఆటో ఎక్కాలి, ఇంకొకరు బండి తేవాలి. పిల్లలు ఇద్దరైతే ఆలోచనే వద్దు, బండి మీ ఇంటి దగ్గరి మెట్రో స్టేషన్ పార్కింగ్‌లో పెట్టేసి గాంధీ భవన్ స్టేషన్‌లో దిగండి, ఎగ్జిబిషన్ గ్రౌండ్ అక్కడికి దగ్గరే.