బంగారు పూత నాణేలు కొనే ముందు, అమ్మే ముందు

విశాఖలో బంగారం షాపులుండే కురుపాం మార్కెట్‌కి నాణెం పట్టుకెళ్లే ముందు ఇవి చూసుకోండి.

- ముందు తూకం. పాత బ్రిటిష్ సవరన్, అదే మన కాసు, 7.98 గ్రాములు, అడ్డం సుమారు 22 మిల్లీమీటర్లు ఉండాలి. అదే సైజులో ఉండి బరువు బాగా తక్కువుంటే లోపల ఇత్తడో రాగో ఉన్నట్టే, ఎందుకంటే బంగారమంత బరువైన లోహాలు చాలా తక్కువ.

- అయస్కాంతానికి అంటుకోలేదని ధైర్యపడకండి. రాగి, ఇత్తడి కూడా అంటుకోవు!

- పూత అంటే మైక్రాన్ల లెక్క, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో ఉండే బంగారం విలువ దాన్ని తీసే ఖర్చుకే సరిపోదు, కాబట్టి "24 క్యారెట్ పూత" అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దండి.

- రాముడు, సీత బొమ్మలతో 1818 అని ఉన్న ఈస్ట్ ఇండియా కంపెనీ నాణేలు లక్షలు పలుకుతాయని ఫోన్లో వీడియోలు తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటివి చలామణికి ముద్రించలేదు. అవి తర్వాత చేసిన బిళ్లలు. తాతయ్య పెట్టెలో దొరికితే ప్రేమగా దాచుకోండి, అమ్మి పెళ్లి ఖర్చు గట్టెక్కిద్దామని మాత్రం లెక్కలు వేసుకోకండి.

- అసలు వెండి రూపాయికి మెరుపు కోసం పూత వేయించకండి, దయచేసి. సేకరించేవాళ్లు అలాంటిదానికి ధర తగ్గించేస్తారు. చింతపండుతో తోమడం కూడా వద్దు.

- నాణెం కొంటామంటూ ముందు "రిజిస్ట్రేషన్ ఫీజు" అడిగితే రూపాయి కూడా పంపొద్దు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

- షాపులో మెషీన్ మీద స్వచ్ఛత మీ కళ్ల ముందే చూపించమనండి. గీటురాయి మీద గీయనివ్వకండి, గీత పడితే పాత నాణెం విలువ తగ్గుతుంది.