కుక్కకి నేర్పుదాం, 4వ పాఠం: పిలిస్తే రావాలంటే

పోయిన పాఠంలో పేరు పిలవగానే మన మొహం వైపు చూడటం దాకా వచ్చాం. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లైనా చూడకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ఇంకో వారం అదే చేయండి, కొంపేం మునిగిపోదు.

ఇవాళ్టిది పిలుపు. మా కోనసీమలాంటి చోట కుక్కని పెంచేవాళ్ళు ముందు నేర్పాల్సింది ఇదే అంటాను. షేక్‌హ్యాండ్ ఇవ్వకపోతే వచ్చే నష్టం లేదు గానీ, ఇంటి ముందు కాలవ, గట్టు మీద ట్రాక్టర్లు, వెనక కొబ్బరితోటలో పక్కింటివాళ్ళ బాతులు ఉన్నచోట పిలిచినా రాని కుక్కతో రోజూ టెన్షనే.

ముందు నేను చేసిన వెధవపని చెప్తాను. మా కుక్క పేరు కాజా, అచ్చం తాపేశ్వరం కాజా రంగు, నాటు కుక్కే. పోయిన వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున మిగిలిన బురదలోకి దిగి కొంగల వెంట పడింది. నేను గట్టు మీద నిలబడి "రా, రా" అని గొంతు పోయేలా అరిచాను. ఎప్పటికో వచ్చింది. వచ్చినదాన్ని పట్టుకుని రెండు తగిలించి, గొలుసు వేసి కట్టేశాను. మర్నాటి నుంచి "రా" అంటే చాలు, నాలుగు బారల దూరంలో ఆగిపోయి నా చేతుల వంక చూడటం మొదలుపెట్టింది.

రాజమండ్రి నుంచి వచ్చే మా ట్రైనర్ ఇది విని నవ్వలేదు, తిట్టలేదు. "మీరు కొట్టింది బురదలో దిగినందుకు కాదండి, మీ దగ్గరికి వచ్చినందుకు. దాని లెక్క అంతేనండి" అన్నాడు. మంచైనా చెడైనా, కుక్క సరిగ్గా అప్పుడు చేసిన పనికే ముడి వేసుకుంటుంది, పావుగంట కిందటిదానికి కాదు. మెచ్చుకోలుగా తిండి ముక్క పెట్టడం కూడా ఒకటి రెండు సెకన్లలో జరగాలని మొదటి పాఠం నుంచీ నేను గోల పెడుతున్నది అందుకే.

ఇక ఆ "రా" అనే మాట. తెలుగింట్లో అది పనికిరాదట! "ఏరా", "తినరా", "ఇలా రా", "ఏంట్రా" అని రోజంతా వినపడే ముక్క, అందులో ఏది తనకో కుక్కకేం తెలుస్తుంది? పైగా నేను దాన్ని దెబ్బలతో పాడుచేశాను కూడా. కొత్త మాట పెట్టుకోమన్నాడు. మేం "ఇటిటు" అని పెట్టుకున్నాం, ఇంట్లో ఇంకెవరినీ అలా పిలవం. మా అత్తగారు మాత్రం "కుక్కని పిలవడానికి కూడా ఫీజు కట్టాలా బాబూ?" అని అడిగేశారు. "ఆయ్, కుక్కకి కాదండి, మనకి నేర్పినందుకండి" అన్నాడు. నిజమే, మొదటిరోజు అతను కాజాని ముట్టుకోనే లేదు, గంటసేపు మమ్మల్నే చూశాడు. "వారం నా దగ్గర వదిలేయండి, మార్చి ఇస్తా" అనేవాళ్ళకంటే, మెడ బిగించే గొలుసు తెచ్చేవాళ్ళకంటే ఇలాంటివాళ్ళు నయం.

పని ఇలా మొదలవుతుంది. ఉడకబెట్టిన కోడి కాలేయం గానీ గుడ్డు గానీ బఠాణీ గింజంత ముక్కలు చేసుకోండి. కూరలోంచి తీసిన ముక్కలు వద్దు, ఉల్లిపాయ కుక్కలకి చెడుపు. ఎండుచేపలకి కుక్క ప్రాణం ఇస్తుంది గానీ ఉప్పు ఎక్కువ. ఈ ముక్కలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ఇంట్లోనే, రెండడుగుల దూరంలో, ఒక్కసారి "ఇటిటు" అనండి, వెంటనే ముక్క. అది రాకముందే పెట్టేయండి, మొదటి రెండు రోజులూ మాటకీ ముక్కకీ ముడి పడటమే మనకి కావాల్సింది. తర్వాత వరండా, తర్వాత పెరడు. మాట రెండోసారి అనకూడదు, అంటే మొదటిసారి వినక్కర్లేదని మనమే నేర్పినట్టు. రాకపోతే దూరం సగానికి తగ్గించండి.

తోటలోకి వెళ్ళాక పదిహేను, ఇరవై అడుగుల తాడు కావాలి, మెడకి కాదు, ఒంటికి వేసే హార్నెస్‌కి కట్టాలి. కొబ్బరి పీచు తాడు వాడకండి, అరచేతులు ఒరుసుకుపోతాయి, నా అనుభవం. నూలు తాడు మంచిది. తాడు లాగి రప్పించడానికి కాదు, పారిపోకుండా ఉండటానికే.

నాకు అన్నిటికంటే నచ్చిన కిటుకు ఇంకోటి ఉంది. వచ్చాక ముక్క పెట్టి, వెంటనే మళ్ళీ వదిలేయాలి! పిలిచిన ప్రతిసారీ కట్టేస్తే పిలుపంటే ఆట అయిపోయినట్టే కదా. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు "పో, ఆడుకో" అని పంపేయండి. డేవిడ్ ప్రెమాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే రాశాడు, ఎక్కువ ఇష్టంగా చేసే పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడొచ్చని. "ముద్ద మింగు, తర్వాత ఆటకెళ్దువు గాని" అనే ప్రతి నాయనమ్మకీ తెలిసిందే అనుకోండి. కాజాకి ఇప్పుడు కాలేయం ముక్క కంటే మళ్ళీ గట్టు మీదికి పరిగెత్తడమే పెద్ద జీతం.

స్నానానికి, మందు వేయడానికి, కట్టేయడానికి మాత్రం ఈ మాటతో పిలవకండి. మీరే వెళ్ళి తీసుకురండి. మా ఆయన ఒకసారి పిడుదులు తీయడానికి "ఇటిటు" అన్నారు, మళ్ళీ దారిలో పడటానికి మూడు రోజులు పట్టింది.

గుర్రుమనే కుక్క, కరిచిన కుక్క అయితే ఈ పాఠాలతో సొంతంగా దిగకండి, ముందు పశువుల డాక్టర్, ఆ తర్వాత ట్రైనర్.

ఈ వారం హోంవర్కు: పొద్దున ఎండ ఎక్కకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, మూడేసి నిమిషాలు. ఒకసారైనా ఫోన్లో వీడియో తీసుకుని చూడండి. నాది చూసుకుంటే ముక్క కోసం చెయ్యి జేబులోకి పోయాకే నోట్లోంచి పిలుపు వస్తోంది, కాజా వింటున్నది నా జేబునన్నమాట.

వచ్చే పాఠంలో బాతులుంటాయి. వాటి యజమానికి ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.